గడ్డు రోజులకు ముందే సర్దుకోవడం: సీమ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రామీణ బ్యాంకులో ముప్పై ఏళ్లు కౌంటరు వెనక కూర్చున్నాను. మొదట ఆదోని, తరువాత కర్నూలు, చివరికి అనంతపురం. పదవీ విరమణతో కౌంటరు పోయింది గానీ ప్రశ్నలు పోలేదు. పాల కేంద్రం దగ్గర, పెళ్లిళ్లలో, బస్టాండులో ఇప్పటికీ అవే సందేహాలు అడుగుతుంటారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలు రాసి పెట్టాను. మీకు కావలసినది మాత్రమే చదువుకోండి. వరసగా చదవనక్కర్లేదు.

## ముందుగా సంగతి ఏమిటో తెలుసుకోవడానికి

ఎక్కడో యుద్ధం జరిగితే అనంతపురంలో ఉన్న నాకేమిటి?

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. కొన్ని వారాలకే మన వంటింట్లో నూనె ధర మండింది. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో అధిక భాగం అప్పట్లో ఆ రెండు దేశాలదే. వేరుసెనగ పండే జిల్లాలో పుట్టి, గానుగ నూనె మాని ప్యాకెట్టుకు అలవాటు పడ్డాం. అందుకే నల్లసముద్రంలో ఓడ ఆగితే ఇక్కడ బాణలి ఆగింది.

కువైట్‌కు పనికి వెళ్లే కడప వైపు వాళ్లకు ఈ పాఠం ఇంకా పాతది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడింది. అక్కడున్న భారతీయులను సుమారు 1,70,000 మందిని విమానాల్లో దేశానికి చేర్చారు. కొడుకు పంపే డబ్బు మీద నడిచే ఇంటికి ఆ డబ్బు ఆగిపోవడం ఒక దెబ్బ. ఉన్న సామానంతా వదిలేసి ఆ కొడుకే ఒట్టి చేతులతో గుమ్మంలో నిలబడటం రెండో దెబ్బ. రెండూ ఒకే నెలలో తగిలాయి.

యూట్యూబులో ఒకాయన రూపాయి చిత్తుకాగితం అయిపోతుందంటున్నాడు. నిజమేనా?

ఆయన చెప్పేది విని మీరు ఏం కొంటే ఆయనకు లాభమో ముందు చూడండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

దేశాలకు ముప్పు రాదని నేను అనను. 1991లో మన దగ్గర విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. ఆ జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టింది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు తీర్చలేనని చేతులెత్తేసింది. అక్కడి జనం పెట్రోలు కోసం రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు.

అయితే ఆ 1991లో కూడా మా కౌంటరు దగ్గరికి వచ్చిన కుటుంబాలు కుదేలైంది రూపాయి పతనం వల్ల కాదు. ఎండిన బోరు, ఆసుపత్రి బిల్లు, పెళ్లి అప్పు. ముందు వాటికి సిద్ధపడండి. వాటికి సిద్ధపడిన ఇల్లు పెద్ద ముప్పుకూ సగం సిద్ధపడినట్టే.

మామూలు కష్టానికీ, వ్యవస్థకే వచ్చే ముప్పుకూ తేడా ఏమిటి?

మీ ఎద్దు చనిపోయిందనుకోండి, అది మామూలు కష్టం. పక్కింటాయన ఎద్దు అడిగి దుక్కి దున్నుకుంటారు. ఊళ్లో ఎద్దులన్నిటికీ ఒకేసారి రోగం వస్తే అడగడానికి పక్కిల్లు ఉండదు. తేడా అంతే.

అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా సరిగ్గా వేరుసెనగ ఊడ (కాయ పట్టే కాడ) నేలలోకి దిగే రోజుల్లో మొహం చాటేస్తుంది. వేరుసెనగ పోతే రైతు ఒక్కడికే నష్టమని అనుకుంటాం. కూలికి పని ఉండదు. ఎరువుల అంగడిలో బాకీలు వసూలు కావు. ఆ అంగడి యజమానే ఊరికి వడ్డీకిచ్చేవాడు కూడా, కాబట్టి అప్పు పుట్టదు. అల్లుడిని అడుగుదామంటే ఆయనదీ వేరుసెనగే. గొర్రెలు అమ్ముదామంటే అందరూ అదే సంతకు తోలుకొస్తారు, ధర సగం పలకదు. ఆదాయం, అప్పు, ఆస్తి, బంధువు నాలుగూ ఒకే మబ్బుకు వేలాడుతున్నాయన్నమాట.

నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఇంట్లో ఒక్క ఆదాయమైనా, ఒక్క దాపుడైనా ఆ మబ్బుతో సంబంధం లేనిదిగా ఉండాలి. తాడిపత్రి రాళ్ల ఫ్యాక్టరీలో పని కావచ్చు, రాయదుర్గంలో బట్టలు కుట్టే పని కావచ్చు, అంగన్‌వాడీ జీతం కావచ్చు. మొత్తం చిన్నదే అయినా ఫరవాలేదు. వాన మానేసినా అది రావాలి, అంతే.

## చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు

ఆరు నెలల ఖర్చు దాచాలంటారు. నాకు నెల జీతమే లేదు, పంట మీద బతుకు. నేనెంత దాచాలి?

నెలల లెక్క జీతగాళ్లది. మీ లెక్క పంటలది. ఈ పంట పూర్తిగా పోతే వచ్చే పంట చేతికొచ్చేదాకా ఇంట్లో తిండికి ఎంత అవుతుంది? మళ్లీ విత్తనం వేయడానికి ఎంత? ఈ రెండూ కలిపితే మీ మొత్తం. ఒక్క ఏడాదిలో పోగవదు. మంచి పంట వచ్చిన ఏడాది, కొత్త బండి కొనేలోపే, ఒక భాగం తీసి పెట్టాలి.

ఆ డబ్బు మొత్తం ఒకే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా (ఎఫ్‌డి) వేయవద్దు. లక్ష ఉంటే 25,000 చొప్పున నాలుగు వేయండి. 20,000 అవసరం పడిననాడు ఒక్కటే విరుగుతుంది, మిగతా మూడింటి వడ్డీ చెక్కుచెదరదు. ఈ మాట చెప్పినందుకు మా మేనేజరు ఒకసారి నన్ను చిరాగ్గా చూశారు. నాలుగు రసీదులు రాయాలి కదా మరి.

ఇంట్లో నగదు ఎంత ఉంచుకోవాలి?

రెండు మూడు వారాల తిండికి, ఒక ఆసుపత్రి ప్రయాణానికి సరిపడా. 2025లో మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న యూపీఐ దేశమంతటా కొన్ని గంటలు మొరాయించింది. ఫోను తప్ప జేబులో ఏమీ లేనివాళ్లు టీ తాగి దిక్కులు చూశారు. 100, 200 నోట్లు ఎక్కువగా ఉంచండి. గందరగోళం రోజున 500కు చిల్లర ఎవరి దగ్గరా ఉండదు.

అలాగని లక్షలు ఇంట్లో పెట్టుకోవద్దు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు, విలువలో చూస్తే చలామణీలో ఉన్న డబ్బులో 86 శాతం ఒక్కసారిగా కాగితమైంది. మరునాడు బ్యాంకులు మూసి, ఆ తరువాతి రోజు తెరిచాం. భర్తకు తెలియకుండా పోపుల డబ్బాలో కూడబెట్టినది పట్టుకొచ్చి, భర్త ఖాతాలో కాకుండా జమ చేయడం ఎలాగని గొంతు తగ్గించి అడిగిన ఆడవాళ్లను ఆ వారం ఎంతమందిని చూశానో. అప్పటికప్పుడు వాళ్ల పేర ఖాతాలు తెరిచాం. మీ ఇంట్లో ఆడవాళ్లకు సొంత ఖాతా లేకపోతే ఈ వారమే తెరిపించండి.

ఇంటర్నెట్ లేకపోయినా *99# కొట్టి మామూలు ఫోనుతో 5,000 దాకా పంపవచ్చు. ఒకసారి ముందుగానే వాడి చూసుకోండి. అవసరం పడినరోజు నేర్చుకోలేరు.

బ్యాంకు మునిగిపోతే నా డబ్బు పోయినట్టేనా?

ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరి దాకా అది లక్ష మాత్రమే. ఈ 5 లక్షల్లో అసలూ వడ్డీ రెండూ కలిసే ఉంటాయి. అదే బ్యాంకుకు నాలుగు శాఖల్లో మీ పేర డబ్బుంటే నాలుగూ కలిపే లెక్క. కాబట్టి 8 లక్షలుంటే రెండు వేర్వేరు బ్యాంకుల్లో పెట్టండి. రెండు శాఖల్లో పెట్టి లాభం లేదు.

2021లో చట్టం సవరించారు. రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టిన బ్యాంకు డిపాజిటర్లకు బీమా సొమ్ము 90 రోజుల్లో అందాలి. ఆ 90 రోజులు ఎలా గడుస్తాయన్నది మీరు చూసుకోవాలి. 2020 మార్చిలో యస్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు 50,000కు మించి తీయనివ్వలేదు. రెండు వారాల్లోపే అవి తొలగాయి గానీ, పెళ్లి పెట్టుకున్నవాడికి రెండు వారాలు తక్కువా?

జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు ఈ బీమా ఉంటుంది. ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి ఉండదు. రెండూ 'సొసైటీ' అనే పేరుతోనే పిలుస్తాం కాబట్టి చాలామంది పొరబడతారు. పోస్టాఫీసు సొమ్ముకు కేంద్ర ప్రభుత్వమే పూచీ.

మా గ్రామీణ బ్యాంకు పేరు మారింది. పాత ఎఫ్‌డి కాగితాలు చెల్లుతాయా?

చెల్లుతాయి. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. కడప కేంద్రంగా ఉన్న ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా అందులో కలిసింది. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి: మీకు ఇదివరకు రెండు గ్రామీణ బ్యాంకుల్లో డిపాజిట్లు ఉండి ఉంటే ఇప్పుడవి ఒకే బ్యాంకు కిందికి వచ్చాయి. బీమా హద్దు ఆ ప్రకారం మళ్లీ లెక్క చూసుకోండి.

ఇవన్నీ ఎందుకు, బంగారం కొని పెట్టుకుంటే పోలేదా?

ప్రొద్దుటూరు పక్కన ఉండి బంగారం వద్దంటే ఎవరు వింటారు? నేనూ వద్దనను. అర్ధరాత్రి అవసరానికి కుదువ పెట్టగలిగేది, ఏ ఊరికైనా మోసుకెళ్లగలిగేది అదే. వానతో దానికి సంబంధం లేదు కూడా.

కానీ నగగా కొన్నది పొదుపు కాదు, సగం ఖర్చు. మజూరీ, తరుగు, పన్ను పోగా మిగిలినదే మీ దాపుడు. దాచుకోవడానికే అయితే నాణెమో బిస్కెట్టో కొనండి, హాల్‌మార్కు చూసుకోండి. ధర ఎప్పుడూ పైకే పోతుందనీ అనుకోవద్దు. 2013 ఏప్రిల్‌లో అంతర్జాతీయ మార్కెట్లో రెండు రోజుల్లో పది శాతానికి పైగా పడింది. ఆ నెల నగలు కుదువ పెట్టినవాళ్ల మొహాలు నాకింకా గుర్తున్నాయి.

చీటీ వేయవచ్చా?

వేయవచ్చు, రిజిస్టరైన చీటీ అయితే. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి చీటీకీ రిజిస్ట్రారు అనుమతి ఉండాలి. నిర్వాహకుడి కమిషను 7 శాతం మించకూడదు. అనుమతి సంఖ్య అడగండి, ఒప్పంద పత్రం నకలు తీసుకోండి. 'మన మనిషే కదా' అని నోటు పుస్తకంలో రాసే చీటీ నడిచినంతకాలం బాగానే నడుస్తుంది. చీటీ ముందే పాడుకున్నవాడు కట్టడం మానేసేది కూడా సరిగ్గా అందరికీ కష్టం వచ్చిన ఏడాదే. మీకు డబ్బు అవసరం పడేదీ ఆ ఏడాదే.

లక్ష పెడితే నెలకు పదివేలు ఇస్తామంటున్నారు. మా వీధిలో ఇద్దరికి వస్తోంది కూడా.

ఆ ఇద్దరికి వస్తున్నది మీ లక్షలోంచే. జనం దగ్గర డిపాజిట్లు సేకరించి చేతులెత్తేసిన అగ్రిగోల్డ్ సంస్థ బాధితులు మన జిల్లాల్లోనూ ఉన్నారు. చిన్న మొత్తాలు పెట్టినవారికి 2019లోనూ, 2021లోనూ ప్రభుత్వ ఖజానా నుంచి చెల్లించవలసి వచ్చింది. అనుమతి లేని డిపాజిట్ పథకాలు 2019 చట్టం ప్రకారం నేరం. పెట్టకండి, మరొకరిని చేర్పించకండి. చేర్పించినవాడు ఊళ్లో తలెత్తుకోలేడు.

ప్లాటు కొంటే?

మంచి రోజుల్లో ఆస్తే. కష్టం వచ్చిన నెలలో మాత్రం కొనేవాడు దొరకడు. అత్యవసర నిధిగా దాన్ని లెక్కలో రాసుకోవద్దు.

## అప్పు దగ్గర

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే తక్కువే కదా?

నెలకు రెండు. ఏడాదికి 24. లక్షకు 24,000. మూడు రూపాయలైతే 36,000. నూటికి రెండు అన్నప్పుడు చెవికి ఇంపుగా ఉంటుంది, అందుకే అలా చెబుతారు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణం 7 శాతానికి దొరుకుతుంది. గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 పడుతుంది. 4కూ 36కూ మధ్య ఉన్న తేడా చాలా ఇళ్లలో ఒక బిడ్డ చదువు.

కార్డు ఉండి కూడా రెన్యూవల్ చేయించుకోక వదిలేసినవాళ్లు ఎందరో. గడువు రోజున డబ్బు లేదని బ్యాంకు మొహం చూడరు, ఆ 3 శాతం రాయితీ పోతుంది.

ఇంకొక్క బోరు వేస్తే నీళ్లు పడతాయంటున్నారు. అప్పు చేయమంటారా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నాకెప్పుడూ గొంతు ఎండుతుంది. మన జిల్లాల్లో పేకాట ముంచినవాళ్ల కంటే బోరు ముంచినవాళ్లు ఎక్కువ. అరచేతిలో కొబ్బరికాయ నిలువుగా లేచిందని చెప్పి చోటు చూపిస్తారు. ఆ కొబ్బరికాయ తప్పు చెబితే డబ్బు తిరిగిచ్చేవాణ్ణి ఒక్కణ్ణి నేను చూడలేదు.

బండి పొలంలోకి రాకముందే రెండు అంకెలు కాగితం మీద రాయండి: ఎన్ని అడుగులు, ఎంత డబ్బు. ఆ హద్దు దాటితే ఆపాలి. ఎందుకంటే రిగ్గు తిరుగుతున్నప్పుడు, తడి మట్టి పైకొస్తున్నప్పుడు, ఇంకో వంద అడుగులని డ్రైవరు అన్నప్పుడు ఏ మనిషికీ బుద్ధి పనిచేయదు. ఎండిన బోరు పక్కన ఇంకో బోరుకు అప్పు చేసే బదులు, ఉన్న నీళ్లను డ్రిప్పుతో సగం భూమికే పరిమితం చేసుకుని తక్కిన సగంలో కొర్ర, కంది వేయడం చాలా ఇళ్లను నిలబెట్టింది.

బంధువు అప్పుకు జామీను సంతకం అడుగుతున్నారు. మొహమాటంగా ఉంది.

నేను మొహమాటపడ్డాను. పెళ్లి భోజనాల పంక్తిలో బావమరిది ఒక కాగితం చాపాడు. అరిటాకు కాస్త పక్కకు జరిపి, సాంబారు అంటిన చేతిని తుడుచుకుని సంతకం పెట్టాను. బ్యాంకులో రోజుకు పది జామీను పత్రాలు చదివి వినిపించే మనిషిని, ఆ ఒక్కటీ చదవలేదు. నాలుగేళ్లు నా జీతంలోంచి కట్టాను.

చట్టం దృష్టిలో జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అతణ్ణి అడగకుండా నేరుగా మిమ్మల్నే అడగవచ్చు. సంతకం పెట్టే ముందు ఆ మొత్తం మీరే ఇచ్చేసినట్టు అనుకోండి. ఇవ్వగలిగితే పెట్టండి. లేదా దానిలో పదో వంతు చేతికిచ్చి, తిరిగి అడగకండి. బంధుత్వం ఆ దారిలోనే నిలుస్తుంది.

డ్వాక్రా అప్పు, ఇంటికొచ్చే ఫైనాన్సు అప్పు రెండూ ఉన్నాయి. దేన్ని ముందు తీర్చాలి?

వడ్డీ ఎక్కువున్నదాన్ని. సాధారణంగా అది ఇంటికొచ్చేదే. 2010లో ఇలాంటి వారం వారం వసూళ్లు శ్రుతి మించి, అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేయవలసి వచ్చింది. ఒక అప్పు తీర్చడానికి మరొకటి తీసుకునే దశ వస్తే సంఘం సమావేశంలో చెప్పండి. దాచిపెడితే పది మంది కలిసి కట్టవలసి వస్తుంది.

ఫోను యాప్‌లో వచ్చే అప్పు జోలికి మాత్రం వద్దు. మీ ఫోనులోని పేర్లన్నీ వాళ్ల చేతికి వెళతాయి. ఇప్పటికే బెదిరిస్తున్నారంటే 1930కు ఫోను చేసి ఫిర్యాదు చేయండి.

## ఇంట్లో సర్దుకోవలసినవి

తిండి సరుకు ఎన్ని నెలలకు నిల్వ పెట్టాలి?

రెండు నెలలు చాలు, అది కూడా మీరు రోజూ తినేదే. భయపడి కొన్న డబ్బా సరుకు భయం తగ్గాక పురుగుపడుతుంది.

దత్త మండలాలను (అప్పట్లో సీమ పేరు అదే) 1876–78 కరువు ఊడ్చేసింది. ఈ నేల మీద ధాన్యం దాచడం ఒక విద్య. మా నాయనమ్మ ఇంట్లో పాతర ఉండేది. పెరట్లో సీసా ఆకారపు గొయ్యి, గోడలకు వరిగడ్డి, లోపల జొన్నలు, మూతికి బండ, పైన మట్టి. తెరిచిన రోజున వెంటనే దిగనిచ్చేవారు కాదు. లోపలి గాలికి మనిషి చనిపోతాడని లాంతరు దించి చూసేవారు. దీపం ఆరిపోతే ఆ పూటకు ఆగడమే.

ఇప్పుడు పాతర తవ్వనక్కర్లేదు. పొట్టుతో ఉన్న కొర్రలు, జొన్నలు బాగా ఎండబెట్టి వేపాకు వేసి గట్టి మూత డబ్బాలో పెడితే ఏడాది ఢోకా ఉండదు. వేరుసెనగ పప్పు దాచకండి, కాయలుగానే దాచండి. పప్పు త్వరగా ముక్కిపోతుంది, బూజు పడితే విషం. రెండో గ్యాసు బండ, బీపీ, షుగరు మాత్రలు నెలకు సరిపడా ఇంట్లో ఉండాలి.

ముఖ్యమైన కాగితాలు ఎలా దాచాలి?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. నీళ్లు తీసిన తరువాత మా శాఖకు జనం నోట్ల కట్టలు తెచ్చారు. ఇటుకలా గట్టిపడి, బురద వాసన. బల్ల ఫ్యాను కింద పెట్టి, బ్లేడు వీపుతో ఒక్కో నోటు ఒలిచాం. నోట్లకు ఏదో ఒక మార్గం దొరికింది. సిరా కరిగిపోయిన చేతిరాత దస్తావేజులకు, పదో తరగతి సర్టిఫికెట్లకు వాళ్లు నెలల తరబడి తిరిగారు.

అసలు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో, అటక మీద. ఇనప్పెట్టె అడుగున కాదు. పట్టాదారు పాసుపుస్తకం, దస్తావేజు, బీమా పత్రాలు, ఎఫ్‌డి రసీదులు ఫోటో తీసి ఇంకో ఊళ్లో ఉన్న తోబుట్టువుకు పంపండి. ఆధార్, మార్కుల జాబితాలు ప్రభుత్వ డిజీలాకర్ యాప్‌లో ఉంచండి. అన్ని ఖాతాలకూ నామినీ పేరు ఉందో లేదో బ్యాంకుకు వెళ్లి కళ్లతో చూసుకోండి. ముప్పై ఏళ్లలో నేను చూసిన కన్నీళ్లలో సగం ఆ ఒక్క ఖాళీ గడి వల్ల వచ్చినవే.

ఏ బీమాలు తప్పనిసరి?

బ్యాంకులో అడిగితే ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా దొరుకుతాయి. మొదటిది 70 ఏళ్ల వరకు, రెండోదాంట్లో 50 ఏళ్లలోపు చేరాలి. మే నెలాఖరున ఖాతాలో ఆ డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది, అది గమనించుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి మీ కుటుంబం వస్తుందో, మీకు దగ్గరి ఏ ఆసుపత్రి దాని జాబితాలో ఉందో ఒంట్లో బాగున్నప్పుడే కనుక్కోండి.

పంటల బీమాలో ఆహార పంటలు, నూనె గింజలకు ఖరీఫ్‌లో రైతు వాటా 2 శాతం, రబీలో 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. ఒక చేదు నిజం తెలిసి చేరండి: నష్టాన్ని ఎక్కువగా ఊరికో మండలానికో కలిపి, లేదా వాతావరణ కేంద్రం లెక్కను బట్టి అంచనా కడతారు. మీ చేను ఎండి మండలం తడిస్తే ఏమీ రాకపోవచ్చు. ఈ-పంటలో (ఎవరు ఏం వేశారో ప్రభుత్వం రాసుకునే జాబితా) మీ పంట సరిగ్గా నమోదైందో లేదో చూసుకోవడం మాత్రం మీ చేతిలో పని.

## దెబ్బ తగిలాక

ఆదాయం ఒక్కసారిగా ఆగిపోయింది. మొదటి వారం ఏం చేయాలి?

కంతు తప్పకముందే బ్యాంకుకు వెళ్లండి. తప్పిన తరువాత కాదు. మామూలు అప్పు 90 రోజులు దాటితే మొండి బకాయి అవుతుంది. స్వల్పకాలిక పంట రుణానికి రెండు పంట కాలాల గడువుంది. ప్రభుత్వం మీ మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తే పంట రుణాన్ని తిరగరాసి గడువు పెంచే ఏర్పాటు ఉంది. అడిగినవాడికే అది దక్కుతుంది. బ్యాంకు ఉద్యోగి విసుక్కుంటాడా? విసుక్కోనివ్వండి. మేమూ విసుక్కున్నాం, కాగితం మాత్రం తీసుకున్నాం.

అదే వారం ఇంట్లో అందరికీ చెప్పండి. ఇంటర్ చదివే పిల్లకు తెలియకుండా దాచి, ఆమె ఫీజు కోసం మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన తండ్రిని చూశాను. తెలిసి ఉంటే తానే ప్రభుత్వ కళాశాలకు మారేదాన్నని ఆ పిల్ల తరువాత ఏడ్చింది.

కుదువ పెట్టిన నగకు వేలం నోటీసు వచ్చింది. ఇక పోయినట్టేనా?

ఇంకా పోలేదు. వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకోవచ్చేమో అడగండి. కుదరకపోతే అన్ని నగల కోసం పాకులాడకండి. ఒకటి మీరే బయట అమ్మి మిగతావి విడిపించుకోండి, వేలంలో కన్నా ధర బాగుంటుంది. వేలం జరిగిపోయినా అప్పు, ఖర్చులు పోగా మిగిలినది మీకు తిరిగి ఇవ్వాలి. లెక్క కాగితం అడిగి తీసుకోండి. సిగ్గుపడి అడగనివాళ్లే ఎక్కువ.

టమాటా, ఉల్లి ధర పడిపోయింది. ఆగాలా, అమ్మేయాలా?

టమాటా ఆగదు. పత్తికొండ మార్కెట్‌కు తోలే కూలి, బాడుగ కూడా రాదనిపిస్తే కోయకండి. జేబులోంచి ఎదురు డబ్బు పెట్టడం కన్నా గొర్రెలకు వదిలేయడం మేలు. ఉల్లి గాలి తగిలే చోట కొన్నాళ్లు ఆగుతుంది గానీ వానలో తడిసినది ఆగదు. వేరుసెనగ, కంది ఆగుతాయి. గిడ్డంగిలో పెట్టి రసీదు మీద అప్పు తీసుకోవచ్చు.

భూమి అమ్మేసి బెంగళూరు వెళ్లిపోమంటున్నారు.

వెళ్లడం వేరు, అమ్మడం వేరు. కోసిగి వైపు నుంచి ఏటా గుంటూరు మిరప కోతకు కుటుంబాలతో వెళ్లేవాళ్లు భూమి ఉంచుకునే వెళతారు. ముందు ఒకరు వెళ్లి ఆరు నెలలు చూడండి. కరువు ఏడాది భూమి ధర అడుగంటుతుంది. అప్పుడు అమ్మితే అదే చేను మళ్లీ కొనలేరు. అప్పు వడ్డీ భూమి విలువనే మింగేస్తుంటే మాత్రం మొత్తం కాకుండా ఒక ఎకరం అమ్మి అప్పు తెంచుకోండి.

అమ్మ పెట్టెలో పాత 500, 1,000 నోట్లు దొరికాయి. మార్చుకోవచ్చా?

మార్చుకోలేరు. పది కంటే ఎక్కువ దగ్గర ఉంచుకోవడం కూడా 2017 చట్టం ప్రకారం నేరం. కమిషను తీసుకుని మారుస్తామని ఫోను చేసేవాళ్లు దొంగలు. 2,000 నోట్ల సంగతి వేరు. 2023 మేలో వాటిని ఉపసంహరించారు గానీ చెల్లుబాటు రద్దు చేయలేదు. హైదరాబాదులోని రిజర్వు బ్యాంకు కార్యాలయానికి వెళ్లి ఇవ్వవచ్చు. అంత దూరం వెళ్లలేకపోతే గుర్తింపు కాగితం, ఖాతా వివరాలు జతచేసి తపాలాలో పంపినా ఖాతాలో జమ చేస్తారు.